వాపా, బలుపా? సీజన్ మధ్యలో మన బేస్‌బాల్ టీమ్ లెక్క చూసుకోవడం ఎలా

2024 జూన్ 18 నాటికి అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మా టీమ్ సియాటిల్ మారినర్స్ తమ డివిజన్‌లో (ఐదు టీముల గుంపు) 10 మ్యాచ్‌ల ఆధిక్యంలో ఉన్నారు. ఆ వారం కనిపించిన ప్రతివాడికీ ఈసారి డివిజన్ మనదే అని చెప్పేశాను, ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీలు) ఉండే అక్టోబర్‌కి ఆఫీసులో సెలవులు కూడా అడిగి పెట్టుకున్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నెల తిరిగేసరికి ఆ పది మ్యాచ్‌లూ కరిగిపోయాయి, హ్యూస్టన్ ఆస్ట్రోస్ వచ్చి మా పక్కన కూర్చున్నారు, ఆఖరికి 85 గెలిచి 77 ఓడి ఒకే ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్ బయట నిలబడ్డాం. సెలవులు వెనక్కి ఇచ్చేశాను.

వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. ఆ తర్వాత నుంచి సీజన్ మధ్యలో ఒకరోజు కూర్చుని ఒక పేజీ రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. నా లెక్క నేను వేసే పద్ధతి ఇక్కడ చెబుతున్నాను, మీది ఏ టీమ్ అయినా పనికొస్తుంది. పెద్ద గణితం ఏమీ లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. కష్టమల్లా ఒక్కటే, మన మీద మనకే కాస్త అనుమానం ఉండాలి.

ఎప్పుడు చేయాలి

సీజన్ మొత్తం 162 మ్యాచ్‌లు, కాబట్టి లెక్క ప్రకారం సగం అంటే 81, అది జూన్ ఆఖరుకి వచ్చేస్తుంది. నేను మాత్రం జూలై మధ్యలో ఆల్‌స్టార్ బ్రేక్ (స్టార్ల ప్రదర్శన మ్యాచ్ కోసం వచ్చే విరామం) దాకా ఆగుతాను. అప్పటికి దాదాపు 95 మ్యాచ్‌లు అయిపోతాయి. రెండు కారణాలు. ఒకటి, మూడు నాలుగు రోజులు లీగ్ మ్యాచ్‌లే ఉండవు, కాబట్టి రాత్రి చూసిన మ్యాచ్ మన తలలో తిరుగుతూ ఉండదు. రెండోది, జూలై ఆఖరికి అటూ ఇటూగా ట్రేడ్ డెడ్‌లైన్ (టీములు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి రోజు) ఉంటుంది, అంటే మేనేజ్‌మెంట్ కూడా సరిగ్గా అప్పుడే ఇదే లెక్కతో కుస్తీ పడుతూ ఉంటుంది. వాళ్లకంటే ముందు మన జవాబు మనం రాసుకుంటే ఆ రెండు వారాలూ చూడటానికి భలే మజాగా ఉంటుంది.

ఒక్కటి గట్టిగా చెబుతాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో లీడ్ పోగొట్టుకుని ఓడిన రాత్రి ఈ పని పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను ఒకసారి. ఆ పేజీలో క్లోజర్ (మ్యాచ్ చివర్లో లీడ్ కాపాడే పిచర్) గురించి రాసినవి ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది.

ముందు రన్స్ తేడా, తర్వాతే స్టాండింగ్స్

క్రికెట్ లీగ్ పట్టికలో పాయింట్ల పక్కన నెట్ రన్ రేట్ చూస్తాం కదా, ఇక్కడ దాని పని చేసేది రన్స్ తేడా. మనవాళ్లు కొట్టిన మొత్తం రన్స్‌లో నుంచి ఇచ్చిన రన్స్ తీసేయండి, అంతే. దాని నుంచి గెలుపులకు రావడానికి ఒక మోటు సూత్రం ఉంది, సుమారు 10 రన్స్ తేడాకి ఒక గెలుపు. ఆడిన మ్యాచ్‌లలో సగం తీసుకోండి, తేడాని పదితో భాగించి దానికి కలపండి లేదా తీసేయండి. ఆ టీమ్ ఆటకి రావాల్సిన గెలుపులు దాదాపు అన్ని. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే బిల్ జేమ్స్ అనే ఆయన చెప్పిన సూత్రం ఉంది: కొట్టిన రన్స్ వర్గాన్ని, కొట్టినవాటి వర్గం, ఇచ్చినవాటి వర్గం రెండూ కలిపిన మొత్తంతో భాగించాలి. పైథాగరస్ సిద్ధాంతంలా ఉంటుంది కాబట్టి ఆ పేరే పెట్టారు. మోటు సూత్రం కూడా అటూ ఇటూగా అదే జవాబు ఇస్తుంది, నేను దాంతోనే సరిపెడతాను.

చేసి చూద్దాం. 2021 మారినర్స్ సీజన్ మొత్తంలో 697 రన్స్ కొట్టి 748 ఇచ్చారు. తేడా మైనస్ 51. 162లో సగం 81, అందులోంచి ఐదు తీసేస్తే 76. కానీ ఆ ఏడాది వాళ్లు గెలిచింది 90! పద్నాలుగు గెలుపులు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి? ఒక్క రన్ తేడాతో తేలిన మ్యాచ్‌లలో 33 గెలిచి 19 మాత్రమే ఓడారు, సగం దాకా అక్కడి నుంచే. ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన టీమ్ చూడండి. 2023 శాన్ డియేగో పాడ్రేస్ 752 కొట్టి 648 ఇచ్చారు, తేడా ప్లస్ 104, లెక్క ప్రకారం 91 గెలవాలి. గెలిచింది 82. ఒక్క రన్ మ్యాచ్‌లలో 9 గెలిచి 23 ఓడారు, స్కోరు సమానమై ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్లినవాటిలో 2 గెలిచి 12 ఓడారు. పాడ్రేస్ అభిమానులు ఆ ఏడాది ఏం తిని బతికారో!

ఒక్క రన్ మ్యాచ్‌లు గెలవడం గుండె ధైర్యం వల్ల అని టీవీలో చెబుతారు. మంచి బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో, చివర్లో దిగే పిచర్ల దళం) ఉంటే కాస్త ఉపయోగం ఉంటుంది, కాదనను, కానీ ఎక్కువ భాగం అటో ఇటో పడే నాణెమే. పైగా 2020 నుంచి ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ మొదలవుతూనే సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌ని ఊరికే నిలబెడుతున్నారు, దాంతో అదృష్టం పాలు ఇంకా పెరిగింది. కాబట్టి మీ పేజీలో ఒక్క రన్ మ్యాచ్‌లు ఎన్ని గెలిచారో, ఎన్ని ఓడారో విడిగా రాయండి. బాగా ఎక్కువ గెలిచి ఉంటే పక్కన 'వాపు' అని రాయండి. నేను నిజంగానే అలా రాస్తాను.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రన్స్ తేడా బాగోలేదు కాబట్టి రెండో సగంలో టీమ్ ఓడి ఓడి లెక్క సరిచేస్తుంది అనుకుంటారు. అలా ఏం జరగదు. గెలిచిన మ్యాచ్‌లని ఎవరూ వెనక్కి లాక్కోరు. చేతిలో ఉన్నవి చేతిలోనే ఉంటాయి, మిగిలిన మ్యాచ్‌లకి మాత్రం అసలు స్థాయి వేసి చూడాలి. 2025 బ్రేక్ సమయానికి మారినర్స్ 51 గెలిచి 45 ఓడారు, ఇంకా 66 ఉన్నాయి. సగానికి కాస్త పైన, అంటే 35 గెలుస్తారని వేసి మొత్తం 86 అని రాశాను. వచ్చింది 90, డివిజన్ కూడా గెలిచారు, 2001 తర్వాత మొదటిసారి. నాలుగు మ్యాచ్‌ల తేడాతో తప్పడం ఈ ఆటలో సిగ్గుపడాల్సిన తప్పు కాదు.

అలాగే 17-2 లాంటి మ్యాచ్ ఒకటి రెండు ఉంటే అవి తేడాని ఉబ్బిస్తాయి. చివర్లో అవతలివాళ్లు పిచర్లని దాచుకుని ఫీల్డర్‌తో బంతులు వేయించి ఉంటారు, ఆ రన్స్‌ని తలకెక్కించుకోకండి.

ఎదుటివాడి వాపు కూడా చూడాలి

2024లో నేను పూర్తిగా వదిలేసింది ఇదే. ఆధిక్యం అనేది రెండు టీముల మధ్య దూరం, దాంట్లో మన ముందడుగు ఎంత, అవతలివాడి తడబాటు ఎంత అని విడదీయాలి. ఆ ఏడాది ఆస్ట్రోస్ మొదటి 26 మ్యాచ్‌లలో 7 మాత్రమే గెలిచారు. వరసగా ప్రతి ఏడాదీ అక్టోబర్‌లో ఆడుతూ వచ్చిన టీమ్ అది, దాదాపు ఆ మనుషులే, అలా ఎన్నాళ్లు ఆడతారు? నేనేమో వాళ్ల పని అయిపోయిందనుకున్నాను. చివరికి 88 గెలిచి డివిజన్ ఎత్తుకుపోయారు. అందుకే ఇప్పుడు పేజీలో మనతో పోటీపడే రెండు మూడు టీములకి కూడా అదే రన్స్ తేడా లెక్క వేస్తాను. పది నిమిషాల పని. 2025లో క్లీవ్‌లాండ్ గార్డియన్స్ జూలైలో డెట్రాయిట్ టైగర్స్ కంటే 15.5 మ్యాచ్‌లు వెనక ఉండి కూడా డివిజన్ గెలిచారు. ఆ జూలైలో 'ఇక మనకు అడ్డెవరు' అని కూర్చున్న టైగర్స్ అభిమాని మొహం నాకు అద్దంలో చూసుకున్నట్టే కనిపిస్తుంది.

బ్యాటర్ల సంగతి

బ్యాటింగ్ యావరేజ్ (హిట్లని యాట్‌బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) ఒక్కటీ చూసి ఎవరినీ ఆకాశానికి ఎత్తకండి, పాతాళానికి తొక్కకండి. బంతి బ్యాట్‌కి తగిలి మైదానంలోకి వెళ్లాక అది హిట్ అవుతుందా, ఫీల్డర్ చేతిలో పడుతుందా అన్నదాంట్లో అదృష్టం చాలా ఉంటుంది. దాన్ని కొలిచేది బాబిప్. హిట్లలోంచి హోమ్ రన్లు (ఫెన్స్ దాటే షాట్లు) తీసేయండి. కింద, యాట్‌బ్యాట్లలోంచి (బ్యాటింగ్‌కి దిగిన సార్లు, వాక్స్ లాంటివి పోను) స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్), హోమ్ రన్లు తీసేసి శాక్రిఫైస్ ఫ్లైలు (క్యాచ్ ఔటైనా రన్ తెచ్చే షాట్లు) కలపండి. పైదాన్ని కిందిదానితో భాగించండి. లీగ్ మొత్తానికి ఇది .300 దగ్గర్లో ఉంటుంది.

ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. మీకు బాగా నచ్చిన కుర్రాడు 300 యాట్‌బ్యాట్లలో 84 హిట్లు కొట్టాడు, అంటే .280, అందరూ ఆహా ఓహో అంటున్నారు. అందులో హోమ్ రన్లు 10, స్ట్రైకౌట్లు 80, శాక్రిఫైస్ ఫ్లైలు 2. పైన 74, కింద 212. బాబిప్ .349 వచ్చింది. ఇదే మామూలు .300 అయి ఉంటే ఆ 212లో 64 మాత్రమే హిట్లు, హోమ్ రన్లు కలిపితే 74, యావరేజ్ .247. అదే కుర్రాడు, అదే బ్యాట్, పది హిట్లు. మూడు నెలల్లో పది హిట్లంటే తొమ్మిది రోజులకి ఒకటి, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) గ్లవ్‌కి జానెడు దూరంలోంచి దొర్లిన బంతి. ఆ తేడాని టీవీ ముందు కూర్చున్న మన కళ్లు పట్టుకోలేవు, మనకి .280 కుర్రాడే కనిపిస్తాడు.

కాకపోతే బాబిప్ ఎక్కువ ఉన్న ప్రతివాడూ అదృష్టవంతుడు కాదు. బాగా వేగంగా పరిగెత్తేవాళ్లు, బంతిని ఎప్పుడూ గట్టిగా బాదేవాళ్లు ఏటా .300 పైనే ఉంటారు. కాబట్టి అతని పాత సీజన్లతో పోల్చండి, లీగ్‌తో మాత్రమే కాదు. వాక్స్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా ఫస్ట్ బేస్‌కి వెళ్లడం), స్ట్రైకౌట్లు ఎంత శాతం అన్నది కూడా చూడండి, వాటిలో అదృష్టం తక్కువ, అవి త్వరగానే నిలకడకి వస్తాయి. యావరేజ్ పడిపోయినా వాక్స్ పెరిగి స్ట్రైకౌట్లు తగ్గిన బ్యాటర్ మీద నేను ధైర్యంగా పందెం కాస్తాను. 2024 మారినర్స్ బ్యాటర్లు స్ట్రైకౌట్లలో మొత్తం లీగ్‌లోనే మొదటి స్థానంలో సీజన్ ముగించారు. ఆ జబ్బు జూన్‌లోనే కళ్లెదుట ఉంది, పిచర్లు దాన్ని కప్పిపెడుతున్నారు, నేను చూడలేదు, చూడాలనుకోలేదు.

ఇంకోటి, గ్రౌండ్. డెన్వర్ సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి పల్చటి గాలిలో బంతి దూరం వెళ్తుంది. సియాటిల్‌లో దానికి తలకిందులు, బ్యాటర్లకి నరకం. అందుకే గ్రౌండ్ ప్రభావాన్ని సరిచేసి 100ని సగటుగా పెట్టే ఓపీఎస్ ప్లస్ లాంటి, బ్యాటర్ మొత్తం పనితనం చూపే అంకె చూడటం మేలు. 110 అంటే సగటు కంటే 10 శాతం మెరుగు. అంతకంటే లోతుకి దిగక్కర్లేదు.

పిచర్లు, ముఖ్యంగా బుల్‌పెన్

ఈఆర్‌ఏ (ఫీల్డర్ల తప్పులు పోను పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే రన్స్, తక్కువుంటే మేలు) పక్కనే ఎఫ్‌ఐపీ చూడండి. ఈఆర్‌ఏలో వెనక ఉన్న ఫీల్డర్ల పనితనం, అదృష్టం కలిసిపోయి ఉంటాయి. ఎఫ్‌ఐపీ పిచర్ చేతిలో ఉన్న స్ట్రైకౌట్లు, వాక్స్, హిట్ బై పిచ్ (బంతి బ్యాటర్‌కి తగలడం), హోమ్ రన్లు మాత్రమే లెక్కేస్తుంది. ఈఆర్‌ఏ 2.60, ఎఫ్‌ఐపీ 4.10 ఉన్నవాడు ఉంటే రెండో సగంలో టెన్షన్ తప్పదు. తిరగేసి ఉన్నవాడిని తిట్టడం ఆపి కొంచెం ఓపిక పట్టండి.

బుల్‌పెన్‌కి మాత్రం అంకెల కంటే క్యాలెండర్ ముఖ్యం అని నా అభిప్రాయం. మీ టీమ్ నమ్ముకున్న ముగ్గురు రిలీవర్లు (బుల్‌పెన్ పిచర్లు) ఎవరో రాయండి, ఒక్కొక్కరు ఇప్పటికి ఎన్ని మ్యాచ్‌లలో బంతి పట్టుకున్నారు, నాలుగు రోజుల్లో మూడుసార్లు దిగింది ఎన్నిసార్లు అని వెనక్కి వెళ్లి లెక్కపెట్టండి. విసుగు పుట్టించే పని, కానీ ఆగస్టులో ఎవడి భుజం పడిపోతుందో కొంత వాసన తగిలేది ఇక్కడే. ఒక్క రన్ మ్యాచ్‌లు ఎక్కువగా గెలిచిన టీమ్ ఆ గెలుపులకి ఇదే ముగ్గురి చేతుల్ని వాడేసి ఉంటుంది, ఆ బాకీ తర్వాత కట్టాలి. కుర్ర స్టార్టర్లకి (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) కూడా ఇంతే, పోయిన ఏడాది మొత్తం వేసిన ఇన్నింగ్స్‌ని జూలైలోనే దాటేస్తుంటే టీమ్ అతన్ని ఎప్పుడో ఒకప్పుడు కూర్చోబెట్టాల్సిందే.

ఫీల్డింగ్ గురించి నేను పెద్దగా రాయను, సగం సీజన్‌లో ఆ అంకెలు ఊగుతూనే ఉంటాయి. ఎర్రర్ల సంఖ్య అయితే అసలు నమ్మొద్దు, బంతి దాకా వెళ్లలేనివాడికి ఎర్రర్ రాయరు కదా.

గాయాలు

'అతను తిరిగి వస్తే చాలు, అదే మనకి పెద్ద ట్రేడ్' అనే మాట ప్రతి జూలైలోనూ వింటాం. మోచేతికి టామీ జాన్ సర్జరీ అయిన పిచర్ ఏడాది పైనే పోతాడు, అతని పేరు పేజీలో కొట్టేయండి. గాయపడినవాళ్ల 60 రోజుల జాబితాలో ఉన్నవాడు వచ్చినా ముందు మైనర్ లీగ్‌లో (కింది స్థాయి లీగ్) కొన్ని మ్యాచ్‌లు ఆడాలి. వస్తాడన్న తేదీకి ఇంకో మూడు వారాలు నేనే కలిపేసుకుంటాను.

అలాగని గాయం అయితే సీజన్ పోయినట్టూ కాదు. 2021 జూలై 10న అట్లాంటా బ్రేవ్స్‌కి రొనాల్డ్ అకూన్యా మోకాలు పోయింది, వాళ్ల బెస్ట్ ఆటగాడు అతనే. టీమ్ అప్పటికి అంతంతమాత్రం, ఆగస్టు 6 దాకా గెలుపులు ఓటముల్ని దాటనే లేదు. అయినా ఆ జూలైలో జాక్ పీటర్సన్, హోర్హే సోలేర్, ఎడ్డీ రోసారియో, ఆడమ్ డువాల్ అని నలుగురు ఔట్‌ఫీల్డర్లని తెచ్చారు. 88 గెలుపులతో ప్లేఆఫ్స్‌కి వెళ్లి వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) కొట్టారు, ఆ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) సోలేర్. ఆ నలుగురిలో డెడ్‌లైన్‌కి ముందు ఎవరికీ పెద్ద గిరాకీ ఉన్నట్టు నాకు గుర్తులేదు. డివిజన్‌లో మిగతావాళ్లు కూడా బలహీనంగా ఉన్నారని వాళ్ల మేనేజ్‌మెంట్ లెక్క సరిగ్గా వేసుకుంది, గొప్పతనం అక్కడుంది.

మిగిలిన మ్యాచ్‌లు ఎవరితో

డివిజన్‌లో ఒక్కో టీమ్‌తో 13 మ్యాచ్‌లు ఉంటాయి. వాటిలో ఎన్ని అయిపోయాయి, ఎన్ని మిగిలాయి రాయండి. ముఖాముఖి లెక్క ఎవరిది పైచేయిగా ఉందో కూడా రాయండి, ఎందుకంటే 2022 నుంచి సమానంగా నిలిచిన టీముల మధ్య 163వ మ్యాచ్ లేదు, ముఖాముఖితోనే తేల్చేస్తున్నారు. 2025లో న్యూయార్క్ మెట్స్ జూన్ 12కి 45 గెలిచి 24 ఓడి లీగ్‌లోనే అందరికంటే పైన ఉన్నారు. చివరికి 83, సిన్సినాటి రెడ్స్ కూడా 83, ముఖాముఖిలో రెడ్స్‌ది పైచేయి, మెట్స్ ఇంటికి.

కొనాలా, అమ్మాలా

ఇప్పుడు అసలు ప్రశ్న. అన్నీ చూశాక మీ టీమ్ ఆటగాళ్లని కొనాలా, ఉన్నవాళ్లని అమ్ముకుని రేపటి కోసం కుర్రాళ్లని తెచ్చుకోవాలా, కదలకుండా కూర్చోవాలా? ఒక్క వాక్యంలో రాయండి. 'కొనాలి' అని రాస్తే ఏ స్థానానికి, బదులుగా ఎవరిని ఇస్తారు అని పేర్లతో రాయాలి. ఇక్కడే అభిమానుల చేయి ఆగిపోతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు, మన మైనర్ లీగ్ కుర్రాళ్లు అందరూ మనకి రేపటి స్టార్లే, అవతలి టీమ్ మాత్రం వాళ్ల మంచి బ్యాటర్‌ని మనకి ఉచితంగా ఇచ్చేయాలి. మీరు రాసిన ట్రేడ్‌ని తిరగేసి అవతలివాళ్ల అభిమాని కళ్లతో చదవండి, 'ఛీ పో' అనిపిస్తే కొట్టేసి మళ్లీ రాయండి.

అమ్మడం అన్నది కూడా ఎప్పుడూ చేతులెత్తేయడం కాదు. 2024లో టైగర్స్ డెడ్‌లైన్‌కి స్టార్టర్ జాక్ ఫ్లాహర్టీని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి పంపేశారు, ఆగస్టు 10న 55-63తో ఉన్నారు, అయినా 86 గెలిచి ప్లేఆఫ్స్ లోపలికి వచ్చారు. (మమ్మల్ని తోసేసి వచ్చారు, అది వేరే బాధ.)

మరి టీమ్ లోపలివాళ్లు ఈ లెక్కని ఎలా తీసుకుంటారు? 2021 జూలై 26 రాత్రి మారినర్స్ ఆస్ట్రోస్ మీద 0-7 వెనకబడి, డిలన్ మూర్ గ్రాండ్ స్లామ్‌తో (బేస్‌లన్నీ నిండి ఉండగా కొట్టే, నాలుగు రన్స్ తెచ్చే హోమ్ రన్) 11-8 గెలిచారు. నేను సోఫా మీద నిలబడి అరిచాను. మర్నాడు మేనేజ్‌మెంట్ క్లోజర్ కెండల్ గ్రేవ్‌మన్‌ని అదే ఆస్ట్రోస్‌కి ఇచ్చేసింది. ఆటగాళ్లు రగిలిపోయారు, మేమూ రగిలిపోయాం. అప్పట్లో ద్రోహం అన్నాను. ఇప్పుడు రన్స్ తేడా కాలమ్ ముందు పెట్టుకుని చూస్తే, ఆ టీమ్ వాపు ఎంతో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తెలుసు, మాకు తెలియదు, అంతే. అయినా రెండు మ్యాచ్‌ల తేడాతోనే ప్లేఆఫ్స్ పోయాయి కాబట్టి నా కోపం పూర్తిగా చల్లారలేదు, చల్లారదు కూడా.

పేజీ రాయడం అయ్యాక తేదీ వేసి మడిచి దాచేయండి. సీజన్ ఆఖరి రోజు దాకా తీయొద్దు, మధ్యలో దిద్దితే ఇంత కష్టం దేనికి? నా 2025 పేజీలో మూడు లైన్లు చెబుతాను. 'రాలీ ఇప్పటికి 38 హోమ్ రన్లు, రెండో సగంలో అలసిపోతాడు, 55 దాటడు.' క్యాచర్ (బ్యాటర్ వెనక గొంతుకూర్చుని బంతి పట్టేవాడు) కాబట్టి మోకాళ్లు తట్టుకోవని నా లెక్క, కాల్ రాలీ 60 కొట్టాడు. 'థర్డ్ బేస్‌కి యుహేనియో స్వారెజ్‌ని తేవాలి.' తెచ్చారు, మిగిలిన సీజన్ అంతా .200 కిందే కొట్టి నన్ను తలెత్తుకోనివ్వలేదు, తర్వాత ప్లేఆఫ్స్‌లో టొరంటోతో ఐదో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ కొట్టాడు. మూడోది 'ఫస్ట్ బేస్' అని రాసి పక్కన పెద్ద ప్రశ్నార్థకం. జూలై 24న జాష్ నేలర్ వచ్చాడు, అతని పేరు నా పేజీలో ఎక్కడా లేదు.